రూపమును, కంఠమును

మన యిండ్ల గోడలపై తాతల చిత్తరువులు కనుపించినంత తరచుగా అవ్వల చిత్తరువులు కనుపింపవు. కనుపించినను, కుర్చీయందు ఆసీనుడైన భర్త ప్రక్కన నిండుగా పమిట కప్పుకొని నిలిచియున్న ఆ యిల్లాలు అప్పుడేమి తలపోయుచుండెనో అడిగి తెలిసికొన్నవారు అరుదు. స్త్రీల జీవితములను గ్రంథస్థము చేయవలెనన్న సంకల్పము మనకు క్రొత్తది కాదు. 1901లోనే భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను కూర్చి, స్త్రీలు అబలలన్న అపవాదమునకు చరిత్రతోనే ప్రత్యుత్తరమిచ్చెను. అయినను ఆమె కొనియాడిన వారిలో పెక్కుమంది గతించిన కాలమువారు. వారి కథను వేరొకరు చెప్పవలసినదే.

తమ కథను తామే చెప్పుకొను వీలును టేపురికార్డరు కల్పించినది. స్త్రీశక్తి సంఘటన అను స్త్రీల సంఘపు సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీలను వెదకికొని పోయి, వారు చెప్పినది ఓపికతో విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించిరి. పాలకుర్తిలో తన భూమిని తాను నిలుపుకొన్న చిట్యాల ఐలమ్మ మాటలును అందు గలవు. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూసెను. పుస్తకము వెలువడునప్పటికి మనిషి లేదు, మాట మిగిలినది. ఆ గ్రంథమున శౌర్యమెంత గలదో, అడవిలో కన్నబిడ్డను పరుల కప్పగించిన తల్లి శోకమును, పోరాటము ముగిసిన పిదప మరల వంటింటికే పొమ్మన్నప్పటి నిష్ఠురమును అంతే గలవు. వీరగాథలు వ్రాయువారు విడిచిపెట్టు సంగతు లివియే.

2001లో అస్మిత అను స్త్రీల సంస్థ ప్రకటించిన ‘మహిళావరణం’లో తెలుగు స్త్రీల జీవితరేఖలకు భరత్ భూషణ్ తీసిన ఛాయాచిత్రములు తోడైనవి. మాట తోడు లేని చిత్తరువు క్రమముగా పూజాపటమగును. దానికి దండవేసి మనము నిశ్చింతగా ఉండగలము. ఆ ముఖమే నోరు విప్పి మాటాడినప్పుడు, మన మూహించుకొన్న త్యాగమూర్తి తొలగి, కోపతాపములు గల మనిషి యెదుట నిలుచును.

నేడు కెమెరాయు రికార్డరును అరచేతి ఫోనులోనే ఇమిడియున్నవి. కొరవడినది ప్రశ్న అడిగి ఊరకుండగల సహనము మాత్రమే. ఇంకొక్క విన్నపము. ఈ సంపాదకీయము మాకు అలవడిన గ్రాంథికమున సాగినది గాని, అవ్వ ‘నేను జెప్పిన’ అన్నచోట ‘నేను చెప్పితిని’ అని దిద్దు అధికారము మాకు లేదు. ఆమె మాట మొదలైనచోట సంపాదకుని కలము ఆగవలెను.