అప్పగింతలు

తెలుగువారి వివాహాలలో అప్పగింతల ఘట్టం చూపరుల కంట తడి పెట్టిస్తుంది. కూతురి చేతిని అత్తమామల చేతిలో ఉంచి, ఆమె అలవాట్లను, స్వభావాన్ని కన్నవారు మరీ మరీ చెబుతారు. వైద్యశాలల్లో రోగి చేతులు మారే వేళ అంతటి శ్రద్ధ అరుదు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని టేకులపల్లి మండలం ఇల్లెందు, కొత్తగూడెం పట్టణాల నడుమ అడవినంటి ఉంది. అక్కడి ఒక గూడెంలోనో, తండాలోనో నిండు చూలాలికి గుర్రపువాతం కమ్మిందనుకొందాం. ఆశా కార్యకర్త ఆమెను 2005లో మొదలైన 108 వాహనమెక్కిస్తుంది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో మెగ్నీషియం సల్ఫేటు తొలి మోతాదు ఇస్తారు. అక్కడి నుండి కొత్తగూడెం, అవసరమైతే ఖమ్మం లేదా వరంగల్లు. ప్రతి మజిలీలోనూ చెప్పవలసిన మాట కొంత రాలిపోతుంది. సూది ఏ గంటకు వేశారో, ఎంత వేశారో చీటీలో లేకుంటే పెద్దాసుపత్రిలో అదే మందు మళ్లీ వేయవచ్చు. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. ముందే పడిందనుకొని మానితే మూర్ఛ తిరగబెడుతుంది. అప్పుడు వైద్యుడు వెంట వచ్చిన అత్తను అడుగుతాడు. ఆమె ఇంట మాటాడేది కోయ కావచ్చు, లంబాడీ కావచ్చు. ఏ భాషవారికైనా మందు పేరూ మోతాదూ గుర్తుంచుకొనే భారం మోపడం న్యాయం కాదు. అది అప్పగించిన వైద్యసిబ్బంది వ్రాసి పంపవలసిన విషయం.

ఇదే మండలంలో కోయగూడెం బొగ్గుగని ఉంది. గనిలో తనిఖీ చేసిన సర్దారు తాను చూచినదానిని పుస్తకంలో వ్రాసి సంతకం చేయాలన్నది నిబంధన. బొగ్గు త్రవ్వేచోట ఉన్న కట్టుబాటు ప్రాణం నిలిపేచోట అంత గట్టిగా లేకపోవడం విచిత్రమే.

రోగి భద్రతకై ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో సూచించిన తొమ్మిది మార్గాలలో ఈ అప్పగింత ఒకటి. విన్నవారు విన్నదానిని తిరిగి చెప్పాలని అది కోరింది. సిబ్బంది తక్కువ, రోగులు ఎక్కువ. తీరిక ఎక్కడిదని నర్సులు అడగడంలో నిజముంది. అయితే అమెరికా, కెనడాలలోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాలలో ఒక క్రమం ప్రకారం అప్పగింతలు జరిపి చూడగా, వైద్యపు పొరపాట్లు 23 శాతం తగ్గినట్లు 2014లో వెల్లడైంది. ఒక్కో రోగికి పట్టిన కాలం మునుపటివలెనే సుమారు రెండున్నర నిమిషాలే. కాబట్టి డ్యూటీ మారే వేళ ఉభయులూ కలిసి నిలిచే వ్యవధిని పని గంటలలోనే చేర్చడం ప్రభుత్వం చేయదగిన పని. దానిని నర్సుల ఓపికకు వదలరాదు.

ఇంతకన్న నిర్లక్ష్యానికి గురయ్యేది తిరుగు అప్పగింత. బాలింత ఇంటికి చేరుతుంది. ఆమెతో వచ్చే కాగితం ఆంగ్లంలో ఉంటుంది. రక్తపోటు మందు ఎన్నాళ్లు వాడాలో, ఏ లక్షణం కనబడితే పరుగెత్తాలో ఊరి ఏఎన్‌ఎంకు తెలియదు. పురుడైన తరువాత కూడ గుర్రపువాతం రావచ్చు. ఆ నాలుగు ముక్కలు తెలుగులో వ్రాసి, ఏఎన్‌ఎంకు ఫోనులో చెప్పి, ఆమెచేత తిరిగి చెప్పించుకొనడానికీ ఆ రెండున్నర నిమిషాలే చాలు.