చిక్కటి ఆయిల్ పొయ్యమంటారు
నాలుగు నెలల వీకెండ్లు పెట్టి పాత షెవీ 350 ఇంజను మళ్ళీ కట్టాను. చల్లగా ఉంటే ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐ. వేడెక్కాక ఐడిల్‌లో 4.

చిక్కటి ఆయిల్ పొయ్యమన్నారు అందరూ. నేనొప్పుకోను. బీటలు పడ్డ గోడకి సున్నం కొట్టడమే అది. ముల్లు లేస్తుంది, బేరింగు సందు తగ్గదు. ముందు డాష్‌లోని మీటర్నే అనుమానించాలి. మెకానికల్ గేజ్ బిగించి చూశా. అదే 4.

ఇంజను దింపి, ప్లాస్టిగేజ్‌తో కొలిస్తే మెయిన్ బేరింగుల్లో సందు అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు! రెండు, రెండున్నర ఉండాల్సింది. కట్టేటప్పుడు నేను కొలవలేదు. మెషిన్ షాపువాళ్ళు కొలిచే ఉంటారనుకున్నా. టెస్ట్ చెయ్యని కోడ్ పంపితే ఆఫీసులో జూనియర్ల మీద ఎగిరేది నేనే మరి.

క్రాంక్ మళ్ళీ గ్రైండింగుకి పంపాలి. మా ఆవిడకింకా చెప్పలేదు.