వంటింటి ‘మెరైన్’ ప్లైవుడ్ సముద్రంలో నిలుస్తుందా?

తాళ్లరేవు: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో వేటపై నిషేధం అమలులో ఉంటుందన్నది విదితమే. ఉప్పాడ మొదలు కోరంగి వరకు నావలు, బోట్లు గట్టెక్కేది, పాతవాటికి మరమ్మతులు, కొత్తవాటికి కొలతలు జరిగేది ఆ రోజుల్లోనే. ఒకప్పుడు సముద్రపు ఓడలనే కట్టి పంపిన కోరంగి ప్రాంతానికి కర్ర ఎంపిక గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. దుంగను చూసి చేవ ఎంతో, పుచ్చు ఎక్కడో చెప్పగల మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. కాని ప్లైవుడ్ సంగతి వేరు. అది తన గుట్టును పొరల మధ్య దాచుకునే సరుకు.

పొడవాటి మంచి పలకలు దొరకడం కష్టమైంది. దొరికినా ధర అందడం లేదు. అందుచేత క్యాబిన్‌కు, డెక్కుకు, చిన్న పడవలకైతే అడుగుకు సైతం ప్లైవుడ్ వాడదామనుకునేవారు పట్నంలో దుకాణానికి వెళితే వినిపించే మాట ఒక్కటే: ‘మెరైన్’. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్లైవుడ్‌తో పడవ ఏమిటని నవ్వేవారు తమిళనాడు వైపు చూడాలి. కన్యాకుమారి జిల్లా ముట్టంలో 1980 దశకం తొలి సంవత్సరాల్లోనే బెల్జియం దేశస్థుడు పియర్ జిలే స్థానిక మత్స్యకారులతో కలిసి ప్లైవుడ్ పడవలు కట్టించాడు. కట్టుమరాలకు, తొలిచిన పడవలకు కావలసిన పెద్ద దుంగలు కరువైన రోజులవి. తరువాత దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య ఆ పనిని అందిపుచ్చుకున్నది. ఇంజను బిగించిన ప్లైవుడ్ పడవలు కన్యాకుమారి నుంచి తిరువనంతపురం తీరం దాకా విస్తరించాయి. కనుక తప్పు ప్లైవుడ్‌ది కాదు. ఏ ప్లైవుడ్ అన్నదే తేడా.

మన పట్నాలలో ‘మెరైన్’ పేరిట అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం పోయేది వంటింటి అరలకు, స్నానాల గది తలుపులకు. అక్కడ అప్పుడప్పుడు నీళ్లు చిలుకుతాయి, తుడిస్తే ఆరిపోతాయి. లోపల ఒకచోట సందు ఉన్నా అర కూలిపోదు. పడవ అడుగు అలా కాదు. రాత్రింబవళ్లు ఉప్పునీటిలో నానాలి, కెరటం దెబ్బ తినాలి, ఇసుకలో ఈడ్వబడాలి. లోపల సందు ఉంటే సరిగ్గా అక్కడే చిట్లుతుంది. చిట్లేది ఒడ్డున కాదు.

ముద్ర విషయంలో ఒక్క అక్షరం తేడాతో బోల్తా పడే ప్రమాదమున్నది. ‘బి.డబ్ల్యు.ఆర్.’ అంటే మరిగే నీటిని కొంతవరకు తట్టుకునేది, ఇది ఐ.ఎస్. 303 ప్రమాణం కింద వచ్చే సాధారణ ప్లైవుడ్‌లో ఒక రకం. ‘బి.డబ్ల్యు.పి.’ అన్నది అంతకు మించిన జిగురు. మెరైన్ ప్లైవుడ్‌కు ప్రత్యేక ప్రమాణం ఐ.ఎస్. 710. దాని ప్రకారం జిగురు 72 గంటల పాటు మరిగే నీటిలో ఉన్నా పట్టు వదలరాదు. షీటుపై ఐ.ఎస్.ఐ. గుర్తు, దానిపైన 710 అంకె, కింద సి.ఎం/ఎల్. అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో సెల్‌ఫోనులో ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే రెండు నిమిషాల పని. ప్లైవుడ్‌కు ఈ గుర్తును తప్పనిసరి చేసే కేంద్ర ఉత్తర్వు 2025లో అమలులోకి వచ్చింది. అయినా ఉత్తర్వు ఢిల్లీలో ఉంటుంది, షీటు మన చేతిలో ఉంటుంది. చేతిలో ఉన్నదాన్ని చూసుకోవాలి.

చూడవలసింది పై పొరను కాదు, అంచును. అంచుకు రంగు పూసి ఉంటే లోపలి సందులు కనిపించవు గనుక కొంత కోయించి చూడాలి. పొరల మధ్య ఖాళీలు, ఒకదానిపై ఒకటి ఎక్కిన పొరలు, లప్పంతో పూడ్చిన చోట్లు ఉంటే ఆ షీటు పడవకు పనికిరాదు. షీటును నిలబెట్టి సుత్తి పిడితో వరుసగా తట్టుకుంటూ పోతే బోలుగా ఉన్నచోట శబ్దం మారుతుంది. తాటికాయను తట్టి చూసే చెవికి ఇది కొత్త విద్య కాదు. 12 మిల్లీమీటర్ల షీటులో అయిదు లావు పొరల కంటె తొమ్మిది పల్చని పొరలు మేలు. మందం కూడా కొలవాలి. 12 అని చెప్పి 11 ఇచ్చేవారున్నారు. జిగురు గీత ముదురు గోధుమ రంగులో ఉంటే మంచిదని చెబుతారు. నిజమే, ఫినాల్ జిగురు రంగు అదే. అయితే తక్కువ రకం జిగురుకు రంగు కలపడం పెద్ద పనేమీ కాదు.

అందుకే ఉడకబెట్టి చూడాలి. నాలుగు వేళ్ల వెడల్పు ముక్కను పాత గిన్నెలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరిగించి, మర్నాడు ఎండబెట్టి, ఇలా రెండు మూడు విడతలు చేయాలి. ఆపైన చాకుతో అంచున గుచ్చి ఎత్తితే పొర పొరగా లేచివస్తే ఆ సరుకు వాపసు. లేవకపోయినంత మాత్రాన ప్రయోగశాల పరీక్షతో సమానం కాదు గాని, చెడ్డ సరుకు మాత్రం చాలావరకు ఇక్కడే బయటపడుతుంది. ముక్కను దుకాణంలో చూపించిన నమూనా నుంచి కాక, బండిలో దిగిన షీట్ల నుంచే కోయాలి.

మరో అపోహ కూడా ఉన్నది. మెరైన్ అంటే పురుగు పట్టదని కొందరి నమ్మకం. ఆ పేరు ముఖ్యంగా జిగురు బలాన్ని చెబుతుంది. ఐ.ఎస్. 710 సరుకుకు మందు పట్టించాలన్న నియమం ఉన్నా, ఉప్పుటేరుల్లో కర్రను తొలిచే పురుగు ముందు అదొక్కటే చాలదు. కోసిన ప్రతి అంచుకు, వేసిన ప్రతి రంధ్రానికి ఎపాక్సీ పట్టించాలి. అడుగుకు ఫైబరు గుడ్డ పరిచి రెసిన్ పూయాలి. కర్ర తడిగా ఉండగా పూస్తే ఆ పొర ఊడివస్తుంది. ఇనుప మేకులు వద్దు. తుప్పు పట్టి చుట్టూ ఉన్న కర్రను కూడా తింటాయి.

ఇక డబ్బు లెక్క. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీటు 32 చదరపు అడుగులు. అడుగుకు పది రూపాయలు తగ్గించుకుంటే 15 షీట్లపై మిగిలేది 4,800 రూపాయలు. షీట్లు విడిపోయి బోటు గట్టున పడితే పోయే వేట రోజులు, అడ్డ చాకిరీ, తిరిగి కట్టే కూలి ఆ మిగులును మింగేస్తాయి. నిషేధ కాలపు భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచినా, దానితో రెండు నెలలు ఇల్లు గడవాలి. పడవ సొమ్ము చాలామందికి అప్పు సొమ్మే. అలాంటప్పుడు బిల్లు లేకుండా కొనడం తగదు. బిల్లుపై ‘మెరైన్’ అని కాక ‘ఐ.ఎస్. 710’ అని, మందంతో సహా రాయించుకోవాలి. దుకాణదారు ఇచ్చే గ్యారంటీ కాగితం ఇంటి సామానుకా, ఉప్పునీటికి కూడా వర్తిస్తుందా అన్నది చదివించుకోవాలి.

ఒక్కొక్కరు అయిదారు షీట్లకు బేరమాడితే దుకాణదారు వినడు. మత్స్యకార సహకార సంఘాలు ఊరి అవసరమంతా లెక్కకట్టి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, ఒక షీటును పరీక్షకు పంపించే ఖర్చూ అందరిపై పడుతుంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధనా కేంద్రం ఉన్నది. మత్స్యశాఖ అధికారులు చొరవ తీసుకుంటే అక్కడి నిపుణుల చేత ఈ తీరంలోని మేస్త్రీలకు నాలుగు రోజులు శిక్షణ ఇప్పించవచ్చు. అయితే ఈ పనులు నిషేధం మొదలైన తరువాత తలపెడితే లాభం లేదు. షీట్లు మార్చి నెలలోనే దిగితే ఉడకబెట్టి చూడడానికి, చెడ్డవాటిని తిప్పి పంపడానికి, ఎండలుండగానే అంచులకు పూత వేయడానికి వ్యవధి ఉంటుంది. జూన్‌లో తొలకరి పడ్డాక రెసిన్ ఆరదు.