పొరుగువాడి నిద్ర మీద మన విశ్రాంతా?

విశ్రాంతి కోరుకోవడం సోమరితనం కాదు. ఆదికాండములో దేవుడు మొట్టమొదట పరిశుద్ధపరచింది ఒక స్థలాన్నో, ఒక వస్తువునో కాదు, ఒక దినాన్ని. అదీ విశ్రాంతి దినాన్ని (ఆది 2:3). ఐగుప్తులో ఇటుకలు చేసి చేసి అలసిన ఇశ్రాయేలీయుల కోసం మోషే, అహరోను ఫరోను మూడు రోజుల సెలవు అడిగారు. అరణ్యంలో తమ దేవుణ్ణి ఆరాధించుకోవడానికి అడిగిన ఆ సెలవుకు ఫరో ఇచ్చిన జవాబేమిటి? వాళ్లు సోమరులన్నాడు. ఇటుకలకు గడ్డి ఇవ్వడం మానేసి, లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు (నిర్గమ 5). సెలవడిగిన వాణ్ణి సోమరి అనడం ఫరో భాష, అది దేవుని భాష కాదు. అందుకే ఏడాదంతా కష్టపడిన విశ్వాసులు పిల్లాపాపలతో నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లొస్తామంటే మేము ఎన్నడూ అడ్డు చెప్పలేదు. అయితే ఆ విశ్రాంతి ఎవరి కష్టం మీద, ఎవరి నిద్ర మీద దొరుకుతోందన్నది మాత్రం విశ్వాసి తప్పక అడగాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు, గోవాలో ఎదురైంది. కొంతకాలం క్రితం సంఘంలోని నాలుగు కుటుంబాలతో కలిసి మేము ఒక ప్యాకేజీ టూరుకు వెళ్లాం. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. కుటుంబాలకు అనువైన ప్రశాంతమైన రిసార్టు, కిటికీ తెరిస్తే సముద్రం అని ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. ఉత్తర గోవాలో ఆ బీచి పేరు ‘బాగా’. పేరే ‘బాగా’, బస మాత్రం ఏమీ బాగాలేదు! కిటికీ తెరిస్తే కనిపించింది స్విమ్మింగ్ పూల్, దాని గట్టు మీద నిలువెత్తు డీజే స్పీకర్లు. రెండు భవనాల సందులోంచి మెడ చాచి చూస్తే చీర అంచంత సముద్రం.

రాత్రి ఎనిమిదికి మొదలైన మోత రెండు దాటినా ఆగలేదు. బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికాయి. తాగినవాళ్లు గదులు మరిచిపోయి మా తలుపులు బాదారు. మాతో వచ్చిన రిటైర్డు టీచరమ్మ చెవుల్లో దూది పెట్టుకుని తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉన్నారు. రిసెప్షన్‌లో అడిగితే, ‘సీజన్ కదా సార్, అందరూ ఎంజాయ్ చేయడానికే వస్తారు’ అన్నారు. ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, ప్యాకేజీలో ఉన్నవన్నీ ఇచ్చాం, డబ్బు తిరిగి రాదన్నారు. మూడో రోజు పాత గోవాకు తీసుకెళ్లారు. 1605లో కట్టడం పూర్తయిన బోం జీసస్ బసిలికా దగ్గర మాకిచ్చిన సమయం అరగంట. దారిలో జీడిపప్పు, మద్యం అమ్మే దుకాణం దగ్గర గంటన్నర!

ఇంతవరకు విన్నవారు, ‘గోవా అంటేనే అంత అయ్యగారూ, విశ్వాసులు వెళ్లాల్సిన చోటు కాదది’ అంటారు. అది సులువైన ప్రసంగం. లోకస్థులు చెడిపోయారు, మనం మాత్రం మంచివాళ్లం అని చెప్పుకుని ముగించే ప్రసంగం. కాని ఆ మూడు రోజుల్లో మాకు ఎదురైన ఇద్దరు మనుషులు మమ్మల్ని ఆ ప్రసంగం దగ్గర ఆగనివ్వలేదు.

ఒకరు టిఫిన్లు వడ్డించే కుర్రాడు. మా తెలుగు విని వెలిగిపోయిన ముఖంతో దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం వైపు వాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. రాత్రి రెండున్నరకు పూల్ పక్కన సీసాలు ఏరింది అతడే, ఉదయం ఆరున్నరకు మా ముందు ఇడ్లీ పళ్లెం పెట్టిందీ అతడే. ‘సెలవెప్పుడు బాబూ?’ అంటే, ‘సీజన్‌లో సెలవుండదు సార్. వానలు పడితే పనే ఉండదు’ అని నవ్వాడు. వంటగది వెనుక రేకుల షెడ్డులో తొమ్మిదిమంది పడుకుంటారట. ఇక రెండో మనిషి, రిసార్టు ప్రహరీ వెనుక పాత పెంకుటింట్లో ఉండే ఒక పెద్దావిడ. ఇంటి ముందు చిన్న సిలువ, దాని కింద పూలు. ఉదయం నడకలో పలకరించి, రాత్రి నిద్ర లేదని మా గోడు చెప్పుకుంటే, ఆమె హిందీలో ఒకే మాటన్నది: ‘మీరు రేపు వెళ్లిపోతారు. మేమెక్కడికి పోవాలి?’

మాకు పోయింది మూడు రాత్రుల నిద్ర, కొంత డబ్బు. వాళ్లకు పోతున్నది జీవితం!

నిర్గమకాండము 23:12 చూడండి. ఏడవ దినాన పని మానమన్న దేవుడు, ఎవరి కోసమో కూడా చెప్పాడు. ఎద్దు కోసం, గాడిద కోసం, ఇంటి దాసి కొడుకు కోసం, పరదేశి కోసం. ఆ దాసి కొడుకు, పరదేశి సేదదీరాలని చెప్పేచోట హెబ్రీ మూలంలో ‘నాఫష్’ అనే క్రియ ఉంది. ప్రాణం అనే అర్థమున్న ‘నెఫెష్’కు దగ్గరి మాట అది. ఊపిరి తీసుకోవడం, ప్రాణం లేచిరావడం అని దాని భావం. పాత నిబంధన అంతటిలో ఈ క్రియ వచ్చేది మూడే చోట్ల. ఒకచోట అబ్షాలోముకు భయపడి పారిపోతూ అలసిపోయిన దావీదు గురించి (2 సమూ 16:14). మరోచోట సృష్టి ముగించి విశ్రమించిన దేవుని గురించే (నిర్గమ 31:17). మూడవది ఇదే. దేవుని విశ్రాంతికి వాడిన మాటనే దాసి కొడుకుకూ వాడింది ధర్మశాస్త్రం! పూట పూటకూ మనకు వడ్డించే కుర్రాడి నిద్రకు దేవుని దృష్టిలో ఎంత విలువుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

యేసుప్రభువు శిష్యులకు కూడా ఒక సెలవు చెడిపోయింది. పరిచర్య చేసి తిరిగొచ్చిన వాళ్లకు తినడానికైనా తీరిక లేకపోవడం చూసి, ఏకాంత స్థలానికి వెళ్లి కాస్త అలసట తీర్చుకుందాం రమ్మని ఆయనే పిలిచాడు (మార్కు 6:31). దోనె ఎక్కి వెళ్లారు. తీరా చూస్తే జనం కాలినడకన పరుగెత్తి ముందే అక్కడికి చేరారు. మనమైతే విసుక్కునేవాళ్లం. ప్రభువు మాత్రం కాపరి లేని గొర్రెల్లాంటి ఆ జనాన్ని చూసి కనికరపడ్డాడు. వాళ్లనూ పచ్చిక మీద కూర్చోబెట్టాడు, కడుపునిండా తినిపించాడు. విశ్రాంతి కోసం వెళ్లింది పన్నెండుమంది, విశ్రాంతి దొరికింది వేలమందికి. పక్కవాణ్ణి నిలబెట్టి మనం కూర్చునేది లోకమిచ్చే విశ్రాంతి. పక్కవాణ్ణి కూడా కూర్చోబెట్టేది క్రీస్తు ఇచ్చే విశ్రాంతి.

ఇప్పుడు ఆ పెద్దావిడ మాటను మన వీధికి తెచ్చుకుందాం. సభలు జరిగే రాత్రి మన చర్చి గోడ వెనుక ఎవరుంటారు? పరీక్షలకు చదివే పిల్ల, రాత్రి డ్యూటీ నర్సు, నెలల బిడ్డ తల్లి, గుండె జబ్బు మనిషి. ‘మీ సభలు మూడు రోజులే, మేమెక్కడికి పోవాలి?’ అని వాళ్లడిగితే మన జవాబేమిటి? డీజే పాట లోకసంబంధమైనది, మన పాట ఆత్మసంబంధమైనది అంటామా? పసిబిడ్డ చెవికి ఆ తేడా తెలియదు.

దేశంలో ఇందుకు చట్టముంది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు బహిరంగ లౌడ్‌స్పీకర్లను రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధించాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నాయి. అదే ఏడాది ఆగస్టు 30న సుప్రీంకోర్టు చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘం కేసులోనే, ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని తీర్పిచ్చింది. దీన్ని హింస అనుకునే సోదరులున్నారు. కాని సుప్రీంకోర్టు కంటే చాలా ముందే సొలొమోను ఈ మాట చెప్పాడు. పొద్దున్నే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవించినా అది శాపంగానే లెక్కకు వస్తుందన్నాడు (సామెతలు 27:14). దీవెనే శాపమైతే, మన సువార్తను ఎవరు సువార్తగా వింటారు?

కాబట్టి ప్రియులారా, సెలవులకు తప్పక వెళ్లండి. గోవా అయినా, సూర్యలంక అయినా, భీమిలి అయినా ప్రభువు చేసిన సముద్రమే. అయితే గది ధరతో పాటు రాత్రి మోత ఎన్నింటికి ఆగుతుందో కూడా అడగండి. మన గది ఊడ్చే వారిని పేరు పెట్టి పలకరించండి, అర్ధరాత్రి దాటాక వాళ్లను పరుగులు పెట్టించకండి. ఇంటికొచ్చాక మరో లెక్క చూసుకోండి. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి వారానికొక రోజు జీతం కోయని సెలవుందా? ఆదివారం మిమ్మల్ని ఆరాధనకు తెచ్చిన డ్రైవరుకు ఆ రోజు సెలవుందా, లేక మీ ఆరాధన ముగిసేదాకా కారులో కూర్చోవడమే అతని ఆదివారమా? సంఘ పెద్దలు కూడా స్పీకర్లను లోపలికి తిప్పండి, పదింటికి మైకు కట్టేయండి. దేవునికి వినబడటానికి మన ప్రార్థనకు మైకు అవసరం లేదు.

ప్రయాసపడి భారం మోస్తున్న వారందరినీ తన దగ్గరకు రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 11:28). ఆ ‘అందరి’లో మనమున్నాం. ఇడ్లీ వడ్డించిన ఆ కుర్రాడున్నాడు, పెంకుటింటి పెద్దావిడ ఉంది, మన చర్చి గోడ వెనుక ఇల్లూ ఉంది. వాళ్లకు ఈ రాత్రి కాస్త నిద్ర దక్కితే, మన ఆదివారం నిజంగా ప్రభువు దినమవుతుంది.