ఎంత వేయాలి?

మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో వంటింటి వైద్యం దిగుతుంది. పసుపు పాలు తాగితే అది పోతుంది, మెంతులు నానబెట్టి తింటే ఇది తగ్గుతుంది. మనలో కొందరు నవ్వేసి డిలీట్ చేస్తారు, ఇంకొందరు "మన పెద్దవాళ్లకి అన్నీ తెలుసు" అని ఫార్వర్డ్ చేస్తారు. ఎంత వేయాలి అని మాత్రం ఎవరూ అడగరు. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లం, మనమైనా అడగాలి కదా!

వంటింటి మందుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు సరిపోక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కొలిచి నీళ్లలో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. పేగు గోడలో ఉండే ఒక ప్రోటీన్ సోడియాన్నీ గ్లూకోజునీ జంటగా లోపలికి లాగుతుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాలు అవుతున్నా ఈ దారి మూసుకుపోదు. పంచదార మరీ ఎక్కువైతే మాత్రం కథ తిరగబడుతుంది, ఒంట్లో నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. ఆస్మాసిస్, ఇంటర్లో బట్టీ పట్టాం గుర్తుందా? అమ్మమ్మలు ఇచ్చే ఉప్పేసిన గంజి కూడా ఈ కోవలోదే. అందులోని పిండిపదార్థం మెల్లమెల్లగా గ్లూకోజుగా మారుతుంది.

మరి హాస్టల్లో కడుపు పాడైతే మనవాళ్లు ఏం తాగుతున్నారు? కూల్‌డ్రింకు. లేదంటే మెడికల్ షాపులో దొరికే తియ్యటి టెట్రా ప్యాక్. అలాంటి డ్రింకుల మీద 'ఓఆర్‌ఎస్' అని రాయకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపలేదు.

అసలైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే అదే మేలు. దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా మీద కుప్ప లేకుండా. రక్తం పడుతున్నా, మూత్రం ఆగిపోయినా చిట్కాలు పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. ఇంకో మాట, లీటరు ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపేసి "స్ట్రాంగ్‌గా ఉంటుంది రా" అనకండి.