ప్రమాదం తర్వాత చేతికొచ్చింది ఏ చీటీ?

2025 అక్టోబరు 9న కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద 10 కిలోమీటర్ల పైవంతెన తెరిచారు. మన జి.డి. నాయుడుగారి పేరు పెట్టారు, సంతోషమే. అయితే రోడ్డు బాగుపడేకొద్దీ బండ్ల వేగం కూడా పెరుగుతుంది. మదురై చుట్టూ నాలుగు వరుసల రోడ్లు వచ్చినప్పుడూ ఇదే చూశాము. ప్రమాదం జరిగిన ఇళ్ళవాళ్ళు ఫైలు పట్టుకుని మా సంఘానికి వస్తూ ఉంటారు. ఫైలులో స్కాన్ ఉంటుంది, మందుల బిల్లులు ఉంటాయి, బండి ఫొటోలు ఉంటాయి. ఎఫ్.ఐ.ఆర్. ఏదని అడిగితే ఒక చిన్న రసీదు తీసి చూపిస్తారు. చాలాసార్లు అది సి.ఎస్.ఆర్.

తమిళనాడు స్టేషన్లలో ఫిర్యాదు ఇవ్వగానే రాసిచ్చే రసీదు సి.ఎస్.ఆర్. ఫిర్యాదు అందిందని చెప్పడం తప్ప దానితో జరిగే పని లేదు. కేసు నమోదైనట్టు కాదు, నష్టపరిహారం ట్రిబ్యునల్ ముందు అది నిలవదు. మనవాళ్ళలో ఒక మొహమాటం ఉంది. తరతరాలుగా ఇదే ఊళ్ళో ఉన్నాము, ఎదుటివాడు కూడా తెలిసినవాడే, కేసెందుకు అని స్టేషన్ గుమ్మంలోనే ఐదువేలో పదివేలో తీసుకుని రాజీ పడతారు. రెండు వారాలకు మోకాలు వాస్తుంది, ఆపరేషన్ అంటారు. అప్పటికి ఎదుటివాడు ఫోను ఎత్తడు. గీతలు పడిన బంపరుకు రాజీ సరిపోతుందేమో గాని, మనిషికి దెబ్బ తగిలితే సరిపోదని మా అభిప్రాయం.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. సంగతి అందులో 173వ సెక్షన్. ఫిర్యాదు చేసినవారికే కాదు, బాధితుడికి కూడా ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలని అందులో స్పష్టంగా రాశారు. ప్రమాదం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దానినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. దిండుక్కల్ దగ్గర కారు గుద్దితే, మదురై ఆసుపత్రిలో మంచం మీద ఉన్నవాళ్ళ తరఫున మదురైలోనే ఇవ్వవచ్చునన్నమాట. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. కోయంబత్తూరు, మదురై నగరాల్లో అయితే కమిషనర్ కార్యాలయానికి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. ముప్పై ఏళ్ళు ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్న మాకు రసీదు విలువ తెలుసు.

రాసింది చదివి వినిపించాలని కూడా చట్టంలోనే ఉంది. తమిళంలో చదువుకున్నవాళ్ళమే గనుక మనకు భాష అడ్డు కాదు, తొందరే అడ్డు. పేరు దగ్గర ప్రత్యేకంగా చూడండి. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం, ప, బ, భ మూడింటికీ ఒకే అక్షరం. భాస్కర్ తమిళంలో పాస్కర్ అయి, దానిని ఎవరో ఇంగ్లీషులోకి మార్చేసరికి ఆధార్‌లోని పేరుకు, కేసులోని పేరుకు పొంతన ఉండదు. పైగా మన ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట తండ్రి ఇనిషియల్ మాత్రమే ఉంటుంది. డబ్బు బ్యాంకులో వేసే రోజున ఈ ఒక్క అక్షరం వల్ల పని ఆగుతుంది. ఆధార్ ముందు పెట్టి పేరు రాయించుకోవడమే మేలు.

ఎఫ్.ఐ.ఆర్. ఒక్కటే చాలదు కూడా. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం, దర్యాప్తు చేసే పోలీసు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. దీనిని కచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నా, అడిగితేనే కదిలే ఫైళ్ళు ఎక్కువ. అడగాల్సింది మామూలు స్టేషన్‌లో కాకపోవచ్చు. మన నగరాల్లో రోడ్డు ప్రమాదాల దర్యాప్తుకు ట్రాఫిక్ ఇన్వెస్టిగేషన్ వింగ్ వేరుగా ఉంది, ఫైలు అక్కడ ఉందేమో ముందు తెలుసుకోండి.

ఈ తొందర ఎందుకంటే, నష్టపరిహారం దరఖాస్తుకు 166వ సెక్షన్‌లో ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు చెల్లదని సుప్రీంకోర్టుకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆ తీర్పు మనకు అనుకూలంగా వస్తుందని కూర్చోవడం తెలివైన పని కాదు. దరఖాస్తు మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు, ప్రమాదం జరిగిన జిల్లాకు తిరగనక్కరలేదు.

తమిళనాడు పోలీసుల పౌరసేవల సైట్‌లో ఎఫ్.ఐ.ఆర్. చూసుకునే వీలుంది. జిల్లా, స్టేషన్, సంవత్సరం, నంబరు కావాలి. సున్నితమైనవి తప్ప ఎఫ్.ఐ.ఆర్.లన్నీ 24 గంటల్లో సైట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశం. మనవలు ఫోనులో ఐదు నిమిషాల్లో తీసిస్తారు. రసీదు మీది నంబరు సి.ఎస్.ఆర్. నంబరా, ఎఫ్.ఐ.ఆర్. నంబరా అన్న తేడా మాత్రం పెద్దవాళ్ళే చెప్పాలి.

వైద్యం ఖర్చుకు భయపడి ఆసుపత్రికి ఆలస్యం చేయకండి. రాష్ట్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో మొదలుపెట్టిన ఇన్నుయిర్ కాప్పోం పథకంలో మొదటి 48 గంటల చికిత్స ఉచితం. ఆసుపత్రిలో రాసే ఏ.ఆర్. కాపీ అడిగి తీసుకోండి. ప్రమాదం వల్లనే దెబ్బ అని మొదట రాసేది అందులోనే. సంఘానికి వచ్చేటప్పుడు అదీ, ఆధార్, ఎదుటి బండి నంబరు, ఈ మూడూ తీసుకురండి.