కదిలే అడ్డుపలక

హాల్లో గాజుతొట్టి. అందులో నారింజ రంగు ఒంటి మీద తెల్లచారలున్న క్లౌన్ చేపలు. ఇంటికొచ్చిన చుట్టాలు ముందు దాని దగ్గరకే వెళ్తారు. తొట్టి కింద అల్మారా తలుపు తీసి చూసేవాళ్లు మాత్రం అరుదు. ఉప్పునీటి అక్వేరియం ఊపిరంతా ఉండేది ఆ అల్మారాలోనే!

అక్కడుండే చిన్న తొట్టిని సంప్ అంటారు. పై తొట్టిలోని నీళ్లు అంచు దాటి, పైపులోంచి ఇందులోకి దిగుతాయి. ఒక్కో అరా దాటుకుంటూ చివరి అరకు చేరితే, అక్కడున్న పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. మొదటి అరలో స్కిమ్మర్ అనే పరికరం ఉంటుంది. అది సన్నని గాలిబుడగలు పుట్టించి, నీటిలో కరిగిన మురికిని నురగ రూపంలో పైనున్న గిన్నెలోకి ఎక్కిస్తుంది. ఉప్పునీటిలో బుడగలు చాలా సన్నగా వస్తాయి కాబట్టే ఈ కిటుకు పనిచేస్తుంది. మంచినీటి తొట్టిలో దీని పప్పులుడకవు.

చిక్కేమిటంటే, స్కిమ్మర్‌కి లోతు పట్టింపు ఎక్కువ. ఒకటి ఆరంగుళాల నీళ్లు చాలంటుంది, మరొకటి ఎనిమిది కావాలంటుంది. నీళ్లు తక్కువైతే నురగ గిన్నెదాకా ఎక్కదు. ఎక్కువైతే నురగకు బదులు నీళ్లే గిన్నెలోకి పొంగుతాయి. ఎక్కువైనప్పుడు స్కిమ్మర్ కింద ఓ ఎత్తుపీట వేసి సర్దుకోవచ్చు. తక్కువైతే మాత్రం అలాంటి దారి లేదు.

ఆ లోతును నిర్ణయించేది అరకూ అరకూ మధ్య ఉండే అడ్డుపలక. నీళ్లు దాని తల మీంచి పొర్లితేనే అవతలికి వెళ్తాయి. పలక ఎంత ఎత్తుంటే నీళ్లూ అంత ఎత్తే. ఎండాకాలంలో నీళ్లు ఎంత ఆవిరైనా స్కిమ్మర్ అరలో మట్టం తగ్గదు. తగ్గేది పంపు అరలోనే.

చాలామంది ఈ పలకను సిలికాన్‌తో శాశ్వతంగా అతికించేస్తారు. కొన్నాళ్లకు స్కిమ్మర్ పాడవుతుంది. కొత్తది తెస్తే దాని లెక్క వేరు. ఇక సంప్ ఖాళీ చేసి, బ్లేడుతో పాత సిలికాన్ గీకి, ఆరబెట్టి, మళ్లీ అతికించి... ఆ నాలుగు రోజులూ చేపల అవస్థ చెప్పక్కర్లేదు. నిజానికి కాలువల మీద ఈ సమస్య ఎప్పుడో తీరిపోయింది. తూముకి రెండు పక్కలా గాడి, ఆ గాడిలో చెక్కపలకలు. మట్టం పెంచాలంటే లస్కరు ఇంకో పలక వేస్తాడు, దించాలంటే ఒకటి తీస్తాడు. సంప్‌లో చేయాల్సిందీ అదే.

మామూలుగా సంప్‌లో మూడు పలకలు దగ్గరదగ్గరగా ఉంటాయి. నీళ్లు మొదటిదాని మీంచి, రెండోదాని కిందనుంచి, మూడోదాని మీంచి నడుస్తాయి. బుడగలు పంపులోకి పోకుండా ఈ ఏర్పాటు. వీటిలో కదలాల్సింది మొదటిది ఒక్కటే. మూడోది దానికన్నా కాస్త పొట్టిగా ఉండాలి. లేకపోతే మట్టాన్ని అదే శాసిస్తుంది.

మొదటి పలక స్థానంలో అడుగున 10 సెంటీమీటర్ల గాజుముక్కను గట్టిగా అతికించేయాలి. దానిపైన రెండు పక్కల గోడలకూ సన్నని గాజుబద్దలు రెండేసి చొప్పున నిలువుగా అతికిస్తే గాడి తయారవుతుంది. ఆ గాడిలోకి దిగేవి రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున్న అక్రిలిక్ పలకలు. బద్దలు కూడా అక్రిలిక్‌వే పెడితే పోలేదా అనిపిస్తుంది. పోతుంది, కొన్నాళ్లకు ఊడిపోతుంది! గాజును పట్టినంత గట్టిగా సిలికాన్ అక్రిలిక్‌ను పట్టదు. గాడిలోకి దిగే పలకలకు అక్రిలిక్ భేషుగ్గా పనికొస్తుంది. ఉప్పునీటికన్నా బరువు కాబట్టి తేలిపోదు. కానీ నీళ్లు పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది. అందుకే గాడిలో ఓ మిల్లీమీటరు వదులు ఉంచాలి. ఆ సందుల్లోంచి కాసిని నీళ్లు కారతాయి. కారనీయండి. పంపు తోసే నీళ్ల ముందు అదెంత? బూజు మందు కలిపిన బాత్‌రూమ్ సిలికాన్ మాత్రం వద్దు. ఇనుప స్క్రూలూ వద్దు. అతికించాక రెండుమూడు రోజులు, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి.

ఇంతవరకూ సులువే. అసలు ప్రమాదం పలక పెంచిన తర్వాత ఉంది.

పై తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అనుకుందాం. అంటే 120 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు. కింద సంప్ 60 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. నిండా పోస్తే 54 లీటర్లు. స్కిమ్మర్ అర పొడవు 42, అందులో నీళ్లు 15 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి. మిగతా 18 సెంటీమీటర్లలో నీళ్లు 12 ఎత్తున ఉన్నాయి. మొత్తం పాతిక లీటర్ల పైచిలుకు. ఇంకా 28 లీటర్లు పట్టే ఖాళీ ఉంది కదా అని ధీమా.

కరెంటు పోయింది. పంపు ఆగింది. నీళ్లు పైకి తెచ్చే పైపు మూతి పై తొట్టిలో 4 సెంటీమీటర్ల లోతున ఉంటే, ఆ మేరకు నీళ్లన్నీ అదే పైపులోంచి వెనక్కి దిగొస్తాయి. 120ని 45తో, దాన్ని 4తో హెచ్చవేస్తే 21.6 లీటర్లు. సంప్‌లో ఇంకా ఏడు లీటర్ల చోటు మిగిలింది. గండం గడిచింది.

ఇప్పుడు కొత్త స్కిమ్మర్ కోసం రెండు పలకలు వేశారు. మట్టం 15 నుంచి 20 సెంటీమీటర్లకు పెరిగింది. ఆ అర అదనంగా 6.3 లీటర్లు మింగింది. పంపు అర దాదాపు ఎండిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పోయక తప్పదు. (ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని నీళ్లే పోయాలి. ఇక్కడ మాత్రం లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపిన నీళ్లు పోయాలి.) మళ్లీ కరెంటు పోతే? ఏడు లీటర్లలో 6.3 పోగా మిగిలింది ముప్పావు లీటరు కూడా కాదు. పైపుల్లో నిలిచిన నీళ్లకే అది చాలదు. అర్ధరాత్రి అందరూ పడుకుని ఉండగా ఉప్పునీళ్లు అల్మారాలోంచి హాల్లోకి వస్తాయి. అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లాట్ వాళ్ల పలకరింపు అదనం.

అందుకే పలక పెంచడానికి ముందు పైపు మూతి ఎత్తాలి. 4 సెంటీమీటర్ల లోతును 2 చేస్తే దాదాపు 11 లీటర్లు పైనే ఉండిపోతాయి. పైపుకు నీటిమట్టం కిందే చిన్న చిల్లు పెట్టడం ఇంకో పద్ధతి. గాలి దూరి ధార తెగిపోతుంది. అయితే ఆ చిల్లు నాచుతో పూడుకుపోతుంటుంది, కాబట్టి తరచూ చూసుకోవాలి. వెనక్కి రానివ్వని వాల్వులు అమ్ముతారు గానీ, చిన్న రాతిముక్క అడ్డుపడితే అవి మూసుకోవు. వాటి మీదే భారం వేయడం తెలివైన పని కాదు.

ఇవన్నీ చేశాక, పట్టపగలు, పక్కన బకెట్ పెట్టుకుని పంపు స్విచ్ ఆపాలి. పైనుంచి ధార పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడాలి. సంప్ అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల దిగువన నీళ్లు ఆగితే సరే. పంపు మళ్లీ వేసి, మట్టం కుదురుకున్నాక పంపు అర గాజు మీద మార్కర్‌తో గీత గీయాలి. రోజూ నీళ్లు పోసేది ఇంట్లో ఎవరైనా ఆ గీత దాటకూడదు. పలక మార్చిన ప్రతిసారీ పాత గీత చెరిపేయాలి. కొత్త గీత మళ్లీ పంపు ఆపి చూశాకే.